చింతచెట్టుకు సున్నపు అంకె

ఎవరైనా ఉత్తపుణ్యానికి ఏదైనా ఇస్తామంటే, ఇచ్చే చేతిని కాదు, వెనక దాచుకున్న చేతిని చూడమని మా అవ్వ నాకు చిన్నప్పుడే నేర్పింది. అందుకే మదనపల్లెలో ఇంటర్మీడియెట్ చదువుతున్నప్పుడు, మా వృక్షశాస్త్రం మేడమ్ ఆదివారం మమ్మల్ని కొండ దగ్గరికి తీసుకెళ్తానని, చెట్లూ పిట్టలూ చూపించి బొమ్మలు గీయిస్తానని, పైగా చిత్రాన్నం కూడా పెడతానని చెప్పగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన ఒక్కటే. ఇందులో ఈమెకేం లాభం?

డెబ్బైల చివరి సంవత్సరాలవి. ఆరుబయట చదువంటే మా వైపు బడికి కప్పు లేదని అర్థం. మేడమ్ మాత్రం దానికి సెమినార్ అని పేరు పెట్టింది. పుంగనూరు నుంచి ఒక డ్రాయింగ్ మాస్టారు కూడా వచ్చేవాడు. ఆయన బండ మీద కూర్చుని మా చేత ఆకులు గీయించేవాడు. ఆమె కళ్లు మూసుకుని పిట్టల అరుపులు వినమనేది. అందరూ రెండు కళ్లూ మూసుకుంటే నేను ఒకటి తెరిచి ఉంచేదాన్ని, మేం చూడనప్పుడు వీళ్లిద్దరూ ఏం చేస్తారో కనిపెడదామని. ఏమీ చేసేవాళ్లు కాదు. వాళ్లూ కళ్లు మూసుకుని వినేవాళ్లు. అది నాకు ఇంకా అనుమానంగా ఉండేది.

ఆ చలికాలంలో మేడమ్‌కు పెద్ద చెట్లున్న ఊరు కావాల్సి వచ్చింది. ఎవరో నా వైపు వేలు చూపించారు. మా ఊరు పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో ఉంటుంది. రోడ్డుకు రెండు పక్కలా చింతచెట్లు. నేల సర్కారుది, చెట్లు మాత్రం మా పెద్దవాళ్లు కడవలతో నీళ్లు మోసి పెంచినవి. ఏ చెట్టు కాయ ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు కానీ, ఎవరి దగ్గరా ఏ కాగితమూ లేదు. అందులో ఒకటి మా అవ్వది. తాత పోయాక కొడుకులు పొలాలు పంచుకుని, ఆ ఒక్క చెట్టు కాయ మాత్రం ఆమె వక్కాకుకు వదిలారు. ఏటా ఎండలు ముదిరేముందు ఆ పండు అమ్ముడుపోతేనే అవ్వ ఎవరినీ అడగకుండా కూతురింటికి బస్సెక్కేది, గుడికి పోయేది, నాకు రిబ్బన్లు కొనేది. కోడళ్ల ముందు చేయి చాపకుండా బతకడానికి ఆమెకున్నదంతా ఆ చెట్టే.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకు మేడమ్, మాస్టారు, నా తోటి విద్యార్థులు దిగారు. ఒక్కొక్కరికి ఒక్కో చెట్టు ఇచ్చారు. ఏడాది పొడుగునా ఆ చెట్టునే చూడాలి. ఎప్పుడు చిగురేస్తుందో, ఎప్పుడు పూస్తుందో, ఏ పిట్ట గూడు కడుతుందో చూసి బొమ్మ గీయాలి. ఎవరి చెట్టు ఏదో మరిచిపోకుండా మాస్టారు డబ్బాలో సున్నం కలిపి, మానుల మీద కుంచెతో అంకెలు వేసుకుంటూ పోయాడు. అవ్వ చెట్టుకు ఏడు పడింది.

మా వైపు రోడ్డు పక్క చెట్టు మీద అంకె పడిందంటే, సర్కారు ఆ కాయను వేలమైనా వేస్తుంది, మానునైనా కొట్టేస్తుంది. ఇంకో కారణం ఉంటుందని ఎవరూ కలలో కూడా అనుకోరు. మా అవ్వ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. తిన్నగా మేడమ్ దగ్గరికి నడిచింది.

“యాలమ్మా, చెట్లకు అంకెలేస్తాండారు?”

“చెట్టుతో స్నేహం చేయడానికవ్వా,” అంది మేడమ్ నవ్వుతూ.

“చెట్టుతోనా?”

“అవునవ్వా. పిల్లలు తలా ఒక చెట్టును బాగా తెలుసుకోవాలని.”

అవ్వ ఇంటికొచ్చి నన్ను లోపలికి పిలిచింది.

“మదనపల్లె నుంచి సార్జీలు పెట్టుకోని చెట్టుతో నేస్తం కట్టేదానికి వచ్చినారంట. నన్నేం పిచ్చిదనుకునిందా? ఇది వేలమే. ఆయమ్మ ఆఫీసరు, ఆయప్ప లెక్కలేసేవాడు.”

“ఆఫీసరైతే చెప్పదా అవ్వా? ఆమె మా కాలేజీలో పాఠం చెప్తుంది,” అన్నాను.

“సెప్తే మనం ముందే కాయ దింపుకుంటామని సెప్పల్యా. కాలేజీ గూడా సర్కారుదే గదా?”

నిజానికి నాకూ అదే సబబుగా తోచింది. ఊరికే ఎవరూ చిత్రాన్నమే పెట్టరు, ఇక చెట్టుకు ఊరికే అంకె వేస్తారా?

మరునాడు పొద్దెక్కక ముందే అవ్వ గడలు పట్టే మనుషులను పిలిపించింది. కాయ అప్పటికి దోరకు కూడా రాలేదు. పైతొక్క పచ్చగా, లోపల గింజ లేతగా ఉంది. ఒక చెట్టు దులపడం మొదలయ్యేసరికి ఊరంతా గడలు పట్టుకుని రోడ్డెక్కింది. అంకె ఉన్నవీ దులిపారు, లేనివీ దులిపారు. రామసముద్రం బస్సు డ్రైవరు దిగి, కాయ పక్కకు లాగితేగానీ పోనని కూర్చున్నాడు. ఏటా మా ఊరి చింతపండు కొనే పుంగనూరు సాయిబు వచ్చి ఆ కుప్పలు చూసి తలపట్టుకున్నాడు.

“ఏమ్మా ఇది! పండు గాకనే దింపేస్తిరే? దీన్ని నేనేం జేసుకోవల్ల?”

“తొక్కు నూరుకోప్పా,” అంది అవ్వ.

తొక్కు మేమే నూరుకున్నాం. ఆ ఏడాదంతా సంగటిలోకి చింతకాయ తొక్కే. వేలం వేయడానికి ఎవరూ రాలేదు. అవ్వ ఎక్కడికీ బస్సెక్కలేదు. వక్కాకు తెప్పించమని చిన్న కోడలిని అడగాల్సి వచ్చిన రోజు ఆమె ముఖం చూశాను. మేడమ్ మీద నాకు ఒళ్లు మండిపోయింది. అంకెలు ఎందుకో వచ్చిన రోజే నలుగురినీ కూర్చోబెట్టి చెప్పి ఉండకూడదా? కళ్లు మూసుకుని పిట్టలను వినేవాళ్లకు ఊరు వినపడదు కాబోలు.

అంకెలు వేసిన మరుసటి నెల వాళ్లు కాగితాలూ పెన్సిళ్లూ పట్టుకుని వచ్చేసరికి ఒక్క చెట్టుకూ కాయ లేదు, కొమ్మలన్నీ విరిగి వేలాడుతున్నాయి. జరిగింది తెలిసి మేడమ్‌ చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది. అవ్వ ముందు నేల మీదే కూర్చుంది. పోయిన నెల గీసిన ఏడో చెట్టు బొమ్మ తీసి ఆమె చేతిలో పెట్టింది. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక వైపు కూడా చూసింది.

“దీనికి సీలు యాడ?”

“బొమ్మకు సీలెందుకవ్వా?”

“సీలు ల్యాకుండా సర్కారోళ్లు ఏమీ సెయ్యరే! అట్లయితే మీరు సర్కారోళ్లు కాదు,” అంది అవ్వ.

మేడమ్ మాత్రం రావడం మానలేదు. వచ్చినప్పుడల్లా ముందు అవ్వ దగ్గర కూర్చుని, ఆ తర్వాతే చెట్ల దగ్గరికి పోయేది. అవ్వ మెల్లగా మెత్తబడింది. రెండేళ్లయ్యేసరికి, ఏడో నంబరు చెట్టు చిగురు కోయడానికి వచ్చినవాళ్లను, ఆ చెట్టు వంతుకొచ్చిన కాలేజీ పాప బొమ్మ గీసేదాకా ముట్టొద్దని తరిమేది. వాన పడి అంకెలు చెరిగిపోతే, వీళ్లొచ్చే ముందురోజు సున్నం తానే నానబెట్టేది. “ఏమవ్వా, నీ చెట్టు కాలేజీకి పోతాండాదంటనే,” అని ఊరు ఎగతాళి చేస్తే అందరికంటే గట్టిగా తానే నవ్వేది. అందరూ సంతోషించారు. నాకే ఆ నవ్వు నచ్చలేదు. అవ్వ అందరినీ అనుమానించినన్నాళ్లూ నాకు ఆ ఇంట్లో ధైర్యంగా ఉండేది.

ఎనభైలలో నాకు కుప్పంలో టీచరు ఉద్యోగం వచ్చింది. మేడమ్ సెమినార్లు అప్పటికి అక్కడి దాకా పాకాయి. గుడుపల్లె వైపు బండల మీద మా బడి పిల్లలు కూడా ఆకులు గీసేవాళ్లు. ఒక చలికాలం సెలవుకు ఇంటికి పోతే, అవ్వ గడపలోనే ఎదురొచ్చింది.

“మీ మేడమ్మ మనుసులు వచ్చిపొయినారు. ఈతూరి జీపులో వచ్చి అంకెలేసినారు. ఎండన పడి వచ్చినారని మజ్జిగిచ్చినా.”

నేను రోడ్డు మీదికి పరుగెత్తాను. రోడ్డుకు ఒక పక్క చెట్లకే అంకెలున్నాయి. మాను పైబెరడు చెక్కి, ఆ చెక్కిన చోట ఎర్రరంగుతో వేశారు. చెట్టును చూసుకోవడానికి వచ్చినవాళ్లు బెరడు చెక్కుతారా?

“అవ్వా, ఇది సున్నం కాదే?”

“రంగయితే వానకు పోదంట. మంచిదే గదా.”

“దోర వచ్చింది కదా, వచ్చినకాడికి కాయ దింపిద్దాం.”

“నీకేమన్నా పిచ్చా? ఒగతూరి నేలపాలు జేసుకునింది సాల్దా? ఇంగ నెలుంటే పండయితాది. ఊరు నవ్వుతాది పో.”

ఎంత చెప్పినా వినలేదు. మేడమ్ మనుషులు కారని చెప్పడానికి నా దగ్గర రుజువు లేదు, ఉన్నది అనుమానమే. అనుమానానికి మా ఊళ్లో ఒకసారి అందరూ మూల్యం చెల్లించి ఉన్నారు. వచ్చే ఆదివారం మేడమ్ కుప్పం వస్తుంది, ఆమెనే అడుగుదామని బయల్దేరి పోయాను.

ఆదివారం ఆమె పిల్లల మధ్య ఒక ఆకును ఎండకు పట్టి ఈనెలు చూపిస్తోంది. నేను ఆగలేక మధ్యలోనే అడిగాను.

“మేడమ్, మా ఊరికి జీపులో ఎవరినైనా పంపారా?”

“లేదే. మాకు జీపెక్కడిది?” అంది. నేను ఎర్ర అంకెల సంగతి చెప్పాను. ఆమె ఆకు కింద పెట్టేసి, “వెంటనే వెళ్లు,” అంది.

బైరెడ్డిపల్లె దాటాక బస్సు చెడిపోయింది. పలమనేరులో పుంగనూరు బస్సు తప్పిపోయింది. సోమవారం పొద్దున ఊరి దగ్గర బస్సు ముందుకు పోలేక ఆగిపోయింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఒక పక్క చెట్లన్నీ పడి ఉన్నాయి. ఏడో చెట్టు నిండుకాయతో అడ్డంగా పడి ఉంది. ఆడవాళ్లు కొంగుల్లో కాయ ఏరుకుంటుంటే, కంట్రాక్టరు మనిషి మానూ మాదే, కాయా మాదే అని కర్రతో అదిలిస్తున్నాడు.

అవ్వ గట్టు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు, తిట్టడం లేదు. ఆమె తిట్టకపోవడం చూసి నాకు దుఃఖం ఆగలేదు. పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను.

“ఆ పొద్దు వచ్చినోళ్లు మీ మేడమ్మ మనుసులు గాదా?”

“కాదవ్వా.”

రంపాలు కోస్తూనే ఉన్నాయి. అవ్వ నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది.

“నా అనుమానం నాకుండనిచ్చింటే సాలు గదమ్మా,” అంది.