విషాద నాయకుడిది ఏ ఊరు?

వేరుశనగ విత్తనాల పచ్చివాసన ఎక్కడ తగిలినా, పక్కన ఎవరో గొంతు తగ్గించి మా ఇంటి మాటే చెప్పుకుంటున్నారని నాకిప్పటికీ అనుమానం కలుగుతుంది. మంగళవాడ దగ్గరి మా ఊళ్లో ఎండాకాలం చివర ఏ పంచలో చూసినా అదే వాసన. గోనెపట్టాల మీద నీళ్లు చల్లిన కాయలు గుట్టలుగా పోసుకుని, నోట్లో బెల్లంముక్క చప్పరిస్తూ, బొటనవేళ్లు బొబ్బలెక్కేదాకా విత్తనం ఒలిచేవాళ్లం.

మాది పెద్దిల్లు. మా నాన్న విత్తడానికి గొర్రు కడితేనే ఊరు గొర్రు కట్టేది. నేను చెప్పే రోజులకు ముందటేడు ఒక్క వాన పడగానే, ఇంకో పదును చూద్దామని పెద్దవాళ్లు చెప్పినా వినకుండా ఆయన విత్తించాడు. ఆయన్ను చూసి అందరూ విత్తారు. మొలకలు మాడిపోయాయి, అప్పుల కింద మా చేలు సగం చేతులు మారాయి. ఊళ్లో ఎవరు నవ్వినా మమ్మల్ని చూసేననుకునేవాళ్లం. చాలాసార్లు నిజం కూడా.

పావగడ కాలేజీలో చదివే మా సరోజక్క, పరీక్షకు ఇంగ్లీషు నాటకం పాఠాన్ని కాయలొలుస్తూనే తెలుగులో వల్లె వేసేది.

"విషాద నాయకుడంటే గొప్ప ఇంట పుట్టినోడు. లోపమంటే వాణ్ణి కూలదోసే గుణం. కోరస్ అంటే పక్కన నిలబడి మాట్లాడే జనం."

ఒకరోజు అది విని పక్కింటి ఓబులమ్మవ్వ ఒలిచేది ఆపింది. "ఎవురి కత మ్మే అది? మీ నాయన్దేనా?"

లోపలినుంచి నాన్న వచ్చాడు. "ఆ పాఠం చెప్పే అయ్యవారిది ఏ ఊరు? మన సంగతి వానికెవురు చెప్పినారు? రేపట్నించి నువ్వు కాలేజీకి పోవద్దు."

"గ్రీకు దేశం రాజు కత నాయనా!" అంది అక్క.

"ఆడ గూడా వానల్లేవేమో," అంది అవ్వ.

నాన్న గడప మీద కూర్చున్నాడు. "చెప్పు, విందాం."

అక్క చెప్పింది. ఆగమని అందరూ చెప్పినా ఆ రాజు ఆగడు. చివరికి అన్నీ పోయాక, తన చేటు తానే చేసుకున్నానని తెలుసుకుంటాడు.

"ఎందుకాగలేదంట?"

"అందురూ తన్నే చూస్తాండారని, నాయనా."

నాన్న లేచి, "ఇది మనూరోళ్లు చెప్పిన కత గాదు. వాళ్లయితే పొగరనింటారు. పోయి చదువుకో," అన్నాడు.

ఇప్పుడు విత్తనం మిషన్లు ఒలుస్తున్నాయి. మాకు మిగిలిన చేలల్లో సోలార్ పలకలు నిలబడ్డాయి. తొలి వాన పడ్డ పొద్దున నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధిలో నిలబడతాను. గొర్రు ఎప్పుడు కడతామా అని మావైపు ఎవరూ చూడరు.