చేతులెత్తేసిన దర్జీ

మా బావ చెయ్యి తిరిగిన దర్జీ. కొలతలు తీసుకుంటూనే ఎదుటివాడు పొట్ట బిగబట్టాడని కనిపెట్టి, ఆ మేరకు గుడ్డ వదిలేవాడు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యే చెయ్యిచ్చింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన వారం ఎదురుకొట్టు దర్జీ పరామర్శకు వచ్చాడు. పలకరింపు బావకు, చూపు మాత్రం గోడకు వేలాడుతున్న కత్తెరకు. ముప్పై ఏళ్లు బావ చేతిలో అరిగిన కత్తెర అది. బావకు ఒళ్లు మండింది.

"నేను చేతులెత్తేసిన రోజున అది నీదే తమ్ముడూ. మాటిస్తున్నా" అన్నాడు.

మా బావ కొలతా తప్పడు, మాటా తప్పడు. అక్క గుండెల్లో రాయి పడింది.

ఫిజియో అమ్మాయి వారానికోసారి ఇంటికొచ్చి ఏం చేయించాలో చెప్పిపోయేది. మిగతా ఆరు రోజులూ అక్క రాజ్యం. బాగున్న ఎడమచేతిని రోజూ రెండు గంటలు గుడ్డసంచిలో పెట్టి కట్టాలి. కుడిచేత్తోనే బట్టల క్లిప్పులు తీగకు పెట్టి తీయాలి. అక్క కుట్టిన ఆ సంచికి కుట్టు వంకరపోయిందని బావ రెండు రోజులు అలిగాడు. కుడిచేతి వేళ్లు ఒకసారి మూసుకుంటే తెరుచుకునేవి కావు. క్లిప్పు విడిపించడానికి నేనూ అక్కా కలిసి ఆ చేతిని బతిమాలుకునేవాళ్లం.

"అచ్చం మీలాగే, పట్టిన పట్టు విడవదు" అనేది అక్క.

నాలుగో నెలలో ఒక ఉదయం బావ రెండు చేతులూ కలిపి తల మీదికి ఎత్తాడు. అక్క ఏడుస్తూ, సిగ్నల్ దొరికే వీధి గుమ్మంలోకి పరుగెత్తి ఫిజియో అమ్మాయికి ఫోన్ చేసింది.

"అమ్మా, మా ఆయన చేతులెత్తేశారమ్మా" అంది వీధంతా వినిపించేలా.

అవతల ఆ అమ్మాయి పది నిమిషాలు ధైర్యం చెప్పింది. ఎదురుకొట్టులో మిషను చప్పుడు ఆగింది.

మధ్యాహ్నం బావ ఎడమచెయ్యి సంచిలో ఉండగా ఆ దర్జీ వచ్చాడు. "వదిన చెప్పింది విన్నానన్నా. నువ్వేమో ఆ రోజు మాటిచ్చావు..." అని నసిగాడు.

ఎత్తడం వేరు, ఎత్తేయడం వేరని నేను వ్యాకరణం మొదలుపెట్టాను. బావ వినలేదు.

"మా ఆవిడే అంది కదా. మాట మాటే" అంటూ సంచి చేత్తోనే కత్తెర దింపి, కుడి గుప్పిట్లోకి దూర్చుకుని ముందుకు చాచాడు. అక్క ముఖం చూడలేకపోయాను.

అతను లాగాడు. రాలేదు. ఈసారి రెండు చేతులా లాగాడు. కత్తెరతో పాటు బావ కూడా రెండడుగులు ముందుకొచ్చాడు.

"నేనిచ్చేశాను తమ్ముడూ, ఈ చెయ్యే ఒప్పుకోవట్లేదు. దాన్నడిగి తీసుకో" అన్నాడు బావ నిమ్మళంగా.

అతను చెమట తుడుచుకుని వెళ్లిపోయాడు.

"నిజం చెప్పు బావా, వేళ్లు తెరుచుకోలేదా?" అనడిగాను.

బావ తన గుప్పిటినే చూసుకున్నాడు.

"మొదటిసారి తెరుచుకోలేదురా. రెండోసారి లాగినప్పుడు తెరుచుకున్నాయి. నేనే మళ్లీ మూశాను."