పీక ఎండిన పూట

మా కాకినాడ సముద్రం మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కాను. పక్క సీట్లో తెల్ల టోపీ పెద్దాయన, ఒళ్లో నాదస్వరం. పుంగనూరులో దిగీ దిగగానే పెళ్లిలో వాయించాలట. నేనూరుకుంటానా? కొచ్చిలో యూదుల ప్రార్థనా మందిరంలో పొట్టేలు కొమ్ము ఊది, అందరి చేతా శభాష్ అనిపించుకున్న కథ ఎత్తుకున్నాను.

"పీక ఎండిపోయిందప్పా," అన్నాడాయన దిగులుగా.

నీళ్ల సీసా అందించాను.

"వద్దప్పా, ఒక్కపొద్దుండాను. రంజాన్ కదా."

శనివారం ఉపవాసాలకు మా అమ్మ అనే ‘ఒక్కపొద్దు’ మాట ఆయన నోట విని తెల్లబోయాను.

"అయినా ఎండింది నా గొంతు కాదు, నాదస్వరం కొసన పెట్టి ఊదే ఈ రెల్లు పీక. నోట్లో నానకుంటే పలకదు. తాళి కట్టేటప్పుడు అది మూగబోతే ఇంక నన్నెవురు పిలుస్తారు? నా నోట్లో తడి లేదు. కొమ్ము ఊదినోడివి, నువ్వు పెట్టుకో."

"ఎంగిలి కాదుటండీ?"

"పాటకు ఎంగిలేందప్పా!"

పీక నోట్లో పడగానే నా మాట ఆగిపోయింది. కిటికీలో మామిడి తోటలు తేలిపోతున్నాయి. కళ్లు మూతపడ్డాయి. నా ఊపిరికి పీక నిద్రలో పసిపాపలా సన్నగా కూస్తోంది. అది పీకో, నేనో, ఆ బస్సో తెలియలేదు.

ఆయన వెంటే పెళ్లికి వెళ్లాను. తాళి కట్టే వేళకు నాదస్వరం కమ్మగా పలికింది. ఆ మొదటి స్వరంలో నా నోటి తడీ ఉంది.

ఒట్టు వేశాను గనక ఒప్పుకుంటున్నాను. పొట్టేలు కొమ్ము ఒక్కటే నా కల్పన. కొచ్చి నేను చూడనేలేదు. ఆ సంగతి పెద్దాయన అప్పుడే పసిగట్టాడేమో. లేకపోతే బస్సు నిండా జనముండగా కోతలు కోసే నా నోటికే పీక ఎందుకు పెడతాడు?