బండి వెళ్ళేదాకా నిలిచిన ఆట

చదరంగంలో గెలవడం ఎలాగో చెప్పినవాళ్ళు నాకు చాలామందే ఉన్నారు. ఓడకుండా కూర్చోవడం మాత్రం ఒక్కరి దగ్గరే నేర్చుకున్నాను. అది ఇష్టపడి నేర్చుకున్న విద్య కాదు. మా అక్క ఏడుస్తూ అడిగితే నేర్చుకున్నాను.

అవి యుద్ధం రోజులు. నాంపల్లి స్టేషన్ వెనుక సందులో అక్కా బావా రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేవారు. బావ స్టేషన్‌లో సామాన్లు బుక్ చేసే గుమాస్తా. నేను ఊరినుంచి వచ్చి వాళ్ళింట్లోనే తింటూ, ఆబిడ్స్‌లో టైపు నేర్చుకునేవాణ్ణి. ఇరవై దాటినా నాకు కుదురు లేదు. ముక్కుమీద కోపం, ఏ పని మొదలుపెట్టినా అప్పుడే అయిపోవాలన్న తొందర. నా చేతులు చూసి టైపు మాస్టారు, "మిషను నీకేం పాపం చేసింది నాయినా?" అనేవాడు.

ఆ ఎండాకాలంలో అక్కా బావల కొడుకు పోయాడు. మూడేళ్ళవాడు, ఒక్కగానొక్కడు. జ్వరం తగిలింది, దవాఖానకు ఎత్తుకుపోయాం, దక్కలేదు. అక్క గోడకు తల కొట్టుకుని ఏడ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆమెను పట్టుకుని రోజుల తరబడి కూర్చున్నారు. బావ ఏడవలేదు. నాలుగు రోజులకే డ్యూటీకి పోయాడు. అంతకుముందు ఆయన నవ్వితే సందు చివర పాలవాడికి వినబడేది. ఆ మనిషి నోట ఇప్పుడు అవసరమైన నాలుగు మాటలు తప్ప రాలేదు. పిల్లవాడి పేరైతే అసలే ఎత్తలేదు. ఆయన ఎత్తనిది మేమెలా ఎత్తుతాం?

ఆయనకు చదరంగం పిచ్చి ముందునుంచీ ఉంది. పిల్లవాడు పోయాక అదొక్కటే మిగిలింది. డ్యూటీ నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, గళ్ళు కుట్టిన గుడ్డ పరిచి, పావులు పేర్చి కూర్చునేవాడు. నన్ను పిలిచేవాడు కాదు. నేనే పోయి ఎదురుగా కూర్చునేవాణ్ణి. తెల్లపావులు ఎప్పుడూ ఆయనవే. పగ తీర్చుకుంటున్నట్టు ఆడేవాడు. నేనూ దెబ్బకు దెబ్బ అనే రకం కాబట్టి ఎదురు దూకేవాణ్ణి. గ్లాసులో చాయ్ చల్లారకముందే నా రాజు చిక్కేవాడు. బావ పావులు ఎక్కడివక్కడే వదిలేసి, చెప్పులు తొడుక్కుని బయటికి పోయేవాడు. ఎక్కడికని మేము అడగలేదు.

ఒక సాయంత్రం రైలు గేటు కావలివాడు ఆయన చేయి పట్టుకుని మా గుమ్మం దాకా తీసుకొచ్చాడు.

"అమ్మా, సాబ్ పట్టాల నడుమ నిలవడ్డరు. బండి కూత పెడ్తున్నా కదుల్తలేరు. నేనే గుంజుకొచ్చిన. జర పైలంగ చూసుకోండి," అన్నాడు.

"ఏదో పరాకుల ఉన్న," అని బావ లోపలికి పోయాడు. అక్క గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడు ఆయన డ్యూటీకి పోయాక అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది.

"తమ్మీ, నువ్వు గింత జల్ది ఎందుకు ఓడిపోతవ్‌రా?"

నాకు రోషం వచ్చింది. "ఆయన ఆట పెద్దది. నేనేం జెయ్యాలె?"

"గెలువకున్నా ఫికర్ లేదు, ఓడకు. బాజీ నడుమల ఆయన లేవడు, నీకు ఎర్కనే గద. సాయంత్రం బండి పోయేదాక కూసోబెట్టు. గంతే. నేను ఆపితే ఆయన ఆగడు తమ్మీ." కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

బాజీ అంటే ఒక ఆట. మొదలుపెట్టిన బాజీని విడిచి లేచినవాడు ఓడినవాడికన్నా హీనమని మా ఆటగాళ్ళ లెక్క. ఇంటికి చుట్టం వచ్చినా, ఆరేసిన బట్టలు వానకు తడుస్తున్నా బావ నడిమధ్యలో లేవగా నేను చూడలేదు. ఆయనను ఇంట్లో కట్టి ఉంచగలిగింది ఆ ఒక్క నియమమే. అది నా చేతకాని ఆట మీద ఆధారపడి ఉంది. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది.

ఆబిడ్స్‌లో మా టైపు మిషన్ల మేడ కింద పొడుగాటి అరుగు ఉండేది. మధ్యాహ్నాలు అక్కడ పింఛనుదార్లు చేరి చదరంగం ఆడేవారు. వాళ్ళలో నాంపల్లి కచేరీలో పనిచేసి దిగిపోయిన ఒక ముసలాయన ఉన్నాడు. ఆయనతో ఆడటమంటే అందరికీ విసుగు. గెలవడు, ఓడడు, ఎదుటివాణ్ణి గెలవనివ్వడు. ఆయన ముందు కూర్చోవడం కన్నా బేగంబజారుకు పోయి మిరపకాయల మూటల నడుమ కూర్చోవడం నయమనేవారు. నేనూ అలాగే నవ్వినవాణ్ణే. ఇప్పుడు ఆయన దగ్గరికే పోయాను.

"తాతా, నల్లపావులతోని ఆడుడు నేర్పుతవా?"

"గెల్వనీకా, నిలువనీకా?"

"నిలువనీకి."

పక్కనున్నాయన పకపకా నవ్వాడు. "పడుచు పిల్లగానికి గీ ముసలాటెందుకయ్యా?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని ముసలాయన అతని నోరు మూయించి, నాకు చోటు చూపించాడు. ఎందుకు నేర్చుకుంటున్నావని ఆయన ఏనాడూ అడగలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను.

మాది దేశవాళీ ఆట. బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే నడుస్తుంది. రాజుకు మాత్రం ఒక వరం ఉంది. ఆటలో ఒకేఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. అయితే అంతకుముందే ఎదుటివాడు 'కిష్త్' అని రాజును ఒక్కసారి బెదిరించినా ఆ వరం పోతుంది. అందుకని తెల్లపావులవాడు ఎంత త్వరగా కిష్త్ చెబుదామా అని చూస్తాడు. నల్లపావులవాడు ఆ మాట పడకముందే కోట కట్టుకోవాలి. రాజు వైపు గుర్రాన్ని ముందుకు తెచ్చి, అది మొదట నిలిచిన గడి ముందరి బంటును ఒక గడి జరిపితే, ఆ ఖాళీ అయిన గడిలోకి రాజు దూకి కూర్చుంటాడు. అటూ ఇటూ బంట్లు, వెనుక ఏనుగు. కోట అంటే ఇంతే.

వినడానికి ఇంతే. ఆ సాయంత్రం ఇంటికి పోయి, తొందరలో ముందుగా మంత్రి ముందరి బంటును జరిపాను. బావ శకటు ఏటవాలుగా వచ్చి నా రాజుకు ఎదురు నిలిచింది. "కిష్త్," అన్నాడు. కట్టని కోట కట్టకుండానే కూలింది. ఆయన చెప్పులు వెతుక్కుంటుంటే అక్క నావైపు చూసిన చూపుకు నేను తల ఎత్తలేకపోయాను. ఆయన వెనకాలే కొంత దూరంలో గేటుదాకా నడిచి, బండి పోయాక ఆయన వెనకే తిరిగి వచ్చాను.

ముసలాయన అంతా విని, మంత్రి వైపు శకటు ముందున్న బంటును ఒక్క గడి జరిపి చూపించాడు. శకటు వచ్చే ఏటవాలు దారి దానితో మూసుకుపోయింది.

"ముందుగాల తలుపు పెట్టుకో బిడ్డా. ఇల్లు తర్వాత సర్దుకుందువు. ఓర్చినమ్మకు తేటనీరన్నరు."

ఓర్వడమే నాకు చేతకానిది. చేతికందిన పావును కొట్టకుండా వదలమనేవాడు. వెనక్కి తగ్గమనేవాడు. నాకు ఒంటికి కారం రాసినట్టుండేది. తొందరపడి ముట్టుకోబోతే, "చెయ్యి తియ్యి," అని మోకాలిమీద కొట్టేవాడు. టైపు పాఠం ఎగ్గొట్టి ఆ అరుగు మీద కూర్చున్నాను. మంచి ఉద్యోగం తెచ్చిపెట్టే విద్యను వదిలి ముసలివాళ్ళ ఆట నేర్చుకుంటున్నాడని ఊళ్ళో తెలిస్తే మా నాయన చెప్పు తీసుకునేవాడు.

ఇంట్లో ఆట మెల్లమెల్లగా సాగడం మొదలైంది. మొదట ఆ చిన్న బంటు, తర్వాత మిగిలినవి. ఒకనాడు కిష్త్ పడకుండానే నా రాజు దూకి కోటలో కూర్చున్నాడు. బావ తల ఎత్తి నన్ను చూశాడు. పిల్లవాడు పోయాక ఆయన నా ముఖంలోకి చూడటం అదే మొదలు. మళ్ళీ పావుల మీదికి వంగాడు. దీపం పెట్టేవేళ అయింది. బండి కూత వినబడింది. ఆయన చేయి ఆగింది, కళ్ళు గుమ్మంవైపు తిరిగాయి. అయితే ఎత్తు ఆయనది. బండి వెళ్ళిపోయింది, చక్రాల చప్పుడు కూడా తగ్గిపోయింది. వంటింట్లో అక్క గిన్నె దించిన చప్పుడు వినబడేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. ఆ రాత్రి ఓడిపోయాను. ఓడి అంత సంతోషపడినవాడు ఇంకొకడు ఉండడు.

వానాకాలం అంతా అలాగే గడిచింది. కొన్నాళ్ళు నిలిచాను, కొన్నాళ్ళు నిలవలేక ఆయన వెనకాలే నడిచాను.

ఆ తర్వాత ఒక సాయంత్రం నేను పరాకున గుర్రాన్ని తప్పు గడిలో పెట్టాను. పెట్టి చేయి తీశాకగానీ కనబడలేదు. ఆయన ఏనుగు చివరి వరుసలోకి దిగితే ఆట అయిపోతుంది. బండికి ఇంకా వేళ ఉంది. బావ ఏనుగును చేతిలోకి తీసుకున్నాడు, ఆ గడి మీదుగా పట్టుకున్నాడు. తర్వాత దాన్ని తెచ్చి ఎందుకూ పనికిరాని మూల గడిలో పెట్టాడు.

ఆయనకు కనబడకపోవడమన్నది ఉండదు.

"గదేంది బావా? బాజీ అయిపోతుండె గద," అన్నాను.

"మీ అక్క చెప్పిందా, నన్ను కూసోబెట్టుమని?"

"ఔ, నేనే చెప్పిన," అని వంటింటి గుమ్మంలోంచి అక్క అంది.

అప్పుడు బావ కొడుకు పేరు ఎత్తాడు. ఆ ఇంట్లో ఎన్నో నెలలుగా వినబడని పేరు.

"గీ వేళకే గద వాడు గుమ్మం కాడికి ఉరికొచ్చేది," అన్నాడు. "గీ వేళకు ఇంట్ల ఉండుడు నాతోని అయితలేదు." అన్నాళ్ళూ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. ఏడుస్తూనే మా ఇద్దరినీ చూసి, "ఇంక కొన్ని దినాలు నన్ను గిట్లనే కూసోబెట్టుర్రి," అన్నాడు.

అక్క వచ్చి ఆయన పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. బయట బండి కూత వేసింది. ఎత్తు నాది కాబట్టి, కళ్ళు తుడుచుకుని ఒక బంటును ఒక గడి జరిపాను.