మూడో గేరు

టౌన్స్‌విల్‌లో వార్విక్ డానాహర్ ఎవరని అడిగి చూడండి, తల అడ్డంగా ఊపుతారు. సూట్‌కేస్ ఎవరని అడగండి, "ఆ, స్టింగర్స్‌లో ఆడాడే, ఆ పొడుగాయన కదూ" అంటారు. పద్నాలుగేళ్లలో తొమ్మిది క్లబ్బులు మారిన బాస్కెట్‌బాల్ ఆటగాడికి తోటివాళ్లు పెట్టిన పేరది. ఏ ఊరు వెళ్లినా అతనికంటే ముందు ఆ పేరు వెళ్లి కూర్చునేది.

అతనికి ఆట రాదని కాదు. రెండు మీటర్ల మనిషి. బుట్ట అంచుకి తగిలి ఎగిరిన బంతి ఎటు పడుతుందో అందరికంటే ముందే పసిగట్టేవాడు. మోచేతి దెబ్బలు తిని, ఇచ్చి, అడ్డం నిలబడేవాడు. అలాంటివాడు ప్రతి జట్టుకీ కావాలి. కానీ ఏ జట్టుకీ వాడే కావాలని ఉండదు. పెర్త్‌లో ఒక ఏడు, హోబార్ట్‌లో ఏడాదిన్నర, కాన్‌బెర్రాలో ఆరు నెలలు, మళ్లీ పెర్త్. ఎవడో ఒకడు ఇంకాస్త కుర్రవాడు, ఇంకాస్త ఎగిరేవాడు దొరికేవాడు. అంతే, కోచ్ పిలిచి, "నీలాంటి మంచివాణ్ణి పంపించాలంటే మనసొప్పట్లేదురా" అనేవాడు. మనసొప్పకుండానే పంపించేవాడు.

ఆ ఊళ్లలో ఆరింటికి అతని భార్య లినెట్ కూడా చిన్నపిల్ల టెస్‌ని చంకనేసుకుని వెంట వెళ్లింది. ఏడోసారి బల్లారట్‌లో పుట్టింటి వంటింట్లో కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు.

"నీకు పిచ్చి. నీ పిచ్చికి నేనెందుకయ్యా పెట్టెలు సర్దాలి? టెస్‌కి నాలుగు బళ్లు మారాయి. నువ్వెళ్లు. ఆ మూడొందలేవో పూర్తి చేసుకుని ఇంటికి రా" అంది.

మూడొందలంటే మూడు వందల ఆటలు. కప్పు ఎత్తనివాడికి, టీవీలో ముఖం కనబడనివాడికి ఈ దేశంలో మిగిలే గౌరవం ఆ అంకె ఒక్కటే. మూడొందలో ఆట నాడు జట్టంతా డ్రెస్సింగ్ రూమ్‌లో గుండ్రంగా నిలబడుతుంది. జట్టులో ఒకడు ఆ రోజు జెర్సీ చేతిలో పట్టుకుని నాలుగు మాటలు చెప్పి తొడిగిస్తాడు. తర్వాత హాలు గోడ మీద పేరు రాస్తారు. వార్విక్‌కి రెండొందలో ఆట వచ్చినప్పుడు అతను ఆ క్లబ్బుకి వచ్చి నాలుగు రోజులైంది. అది అతని రెండొందలో ఆట అని ఎవడికీ తెలీదు. తన జెర్సీ తనే తొడుక్కుని వెళ్లి ఆడాడు. ఆ ముచ్చట ఎవరికీ చెప్పలేదుగానీ, మనసులోంచి మాత్రం పోలేదు.

ముప్పై అయిదో ఏట, రెండొందల తొంభై దగ్గర ఆగిపోయి, ఏ క్లబ్బూ పిలవక ఇంట్లో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నప్పుడు టౌన్స్‌విల్ జట్టు స్టింగర్స్ నుంచి కబురొచ్చింది. సాండ్రో గాట్టికి పిక్క పట్టేసింది, కోలుకునేదాకా అతని బదులు ఆడాలి. సాండ్రో మళ్లీ బరిలోకి దిగిన రోజున వార్విక్ పని సరి. కాగితం మీద అంత స్పష్టంగానూ రాసుంది.

విచిత్రమేమిటంటే, విమానం దిగేసరికి అతన్ని తీసుకెళ్లడానికి కుంటుకుంటూ వచ్చింది ఆ సాండ్రోయే.

"ఏరా సూట్‌కేసూ! నా కాలు పుణ్యమా అని నీకు ఉద్యోగం దొరికింది. నాకో బీరన్నా పోయించవా?" అన్నాడు.

ఇంగమ్ దగ్గర చెరకు పండించే ఇటాలియన్ల ఇంటి పిల్లాడు సాండ్రో. ముప్పై ఒక్కేళ్లొచ్చినా ఆ ఊళ్లవాళ్లకి ఇంకా పిల్లాడే. స్టింగర్స్ హాల్లో సగం మంది వాడి కోసమే వస్తారు. తన చోట్లో ఆడుతున్న మనిషిని చూస్తే ఎవడికైనా కడుపు మండుతుంది. వాడికి మండలేదు. తన పాత ట్రక్కులో రోజూ వార్విక్‌ని ప్రాక్టీసుకి తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. వాళ్లమ్మ పంపిన లసాన్యా పళ్లెం, పెరటి మామిడిపళ్లు తెచ్చి అతని ఫ్రిజ్‌లో పెట్టేవాడు. పద్నాలుగేళ్లలో వార్విక్‌కి ఎంతోమంది తోటి ఆటగాళ్లు ఉన్నారు. స్నేహితుడని చెప్పుకోదగ్గవాడు వీడే.

ఆటలు గడిచాయి. తొంభై అయిదు, తొంభై ఏడు, తొంభై తొమ్మిది. ఇక సీజన్‌లో రెండే ఆటలు మిగిలాయి, శుక్రవారం ఒకటి, ఆ పై వారం శనివారం ఒకటి. సాండ్రో పిక్క నయమైందన్నారు. గురువారం ఫిజియో పరీక్ష. నెగ్గితే శుక్రవారం వాడు ఆడతాడు, వార్విక్ రెండొందల తొంభై తొమ్మిది దగ్గరే ఇంటికి వెళ్తాడు. ఇలా ఒక్క ఆట దగ్గర బండి ఆగిపోతే మనిషికెలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ సోమవారమే అతను ఆ సంగతి గమనించాడు. జోరుగా వాన. ట్రక్కు ఎర్రలైటు దగ్గర ఆగి కదిలేటప్పుడు గింజుకుంటోంది. సాండ్రో మొదటి గేరు వెయ్యడం లేదు. రెండూ లేదు. ఊరంతా మూడో గేరులోనే నడుపుతున్నాడు.

"గేరు మార్చవేంట్రా? పాపం బండి ఏడుస్తోంది" అన్నాడు వార్విక్.

"దానికి మూడంటేనే ఇష్టం" అన్నాడు సాండ్రో.

క్లచ్ తొక్కేది ఎడమ కాలు. తప్పనిసరై తొక్కినప్పుడల్లా సాండ్రో దవడ బిగుసుకుంటోంది. మర్నాడు గ్యాలరీ మెట్లు దిగుతూ రెయిలింగ్ పట్టుకుని పక్కవాటుగా దిగాడు. బుధవారం స్నానాల గదిలో వార్విక్ అతని ఎడమ మడమ వెనక చూశాడు. నరం ఉబ్బి బొటనవేలంత లావుంది. నయమైన పిక్కని కాపాడుకుంటూ నెల రోజులుగా భారమంతా మడమ మీద వేశాడన్నమాట. హోబార్ట్‌లో వార్విక్ జట్టు కెప్టెన్‌కీ సరిగ్గా ఇలాగే ఉండేది. రెండు వారాలకి పటుక్కున తెగింది. ఆ మనిషి మళ్లీ ఆడలేదు.

గురువారం పరీక్షకి గంట ముందు సాండ్రో నాలుగు నొప్పి మాత్రలు మింగడం కూడా చూశాడు. పరుగెత్తమంటే పరుగెత్తాడు, ఎగరమంటే ఎగిరాడు. నెగ్గాడు. ఫిజియో ఇంగ్రిడ్ కాగితం మీద సంతకం పెట్టి కూడా, బయట వరండాలో వార్విక్‌ని ఆపింది.

"నువ్వు రోజూ వాడితోనే తిరుగుతావు కదా. ఏమన్నా తేడా కనబడిందా? నాకెందుకో అనుమానంగా ఉంది."

చెప్పాల్సింది ఒక్క ముక్క. మడమ చూడు, అంతే. వార్విక్ నోరు తెరిచాడు. అప్పుడు అతనికి తన మాట ఎవరికి లాభమో గుర్తొచ్చింది. నాకే కదా! వీడి మీద చాడీ చెప్పి నా మూడొందలు పూర్తి చేసుకున్నానంటారు. ఇక్కడ మనిషి తాగుబోతైనా ఊరుకుంటారు, ఓడిపోయినా ఊరుకుంటారు. తోటివాడి మీద చాడీ చెప్పినవాడి పక్కన బెంచీ మీద ఎవడూ కూర్చోడు.

"నాకేం కనబడలేదు" అన్నాడు.

మధ్యాహ్నం లినెట్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"చాడీ, చాడీ అంటావు. ఇదేమన్నా స్కూలా? సరే, కోచ్‌కి చెప్పడం మీ మగాళ్ల మర్యాద కాదనుకుందాం. ఆ అబ్బాయికే చెప్పు. ఆడొద్దని ఆ అబ్బాయి మొహం మీదే చెప్పు. దానికేం అడ్డం?"

అడ్డమేమీ లేదు. శుక్రవారం సాయంత్రం హాలుకి వెళ్తూ ట్రక్కులో చెప్పేద్దామనుకున్నాడు. సామానంతా సర్దుకుని ఉన్నాడు. మర్నాడు ఉదయం విమానం. ట్రక్కు మూడో గేరులో మూలుగుతోంది. దారిలో ఇంగమ్ నుంచి వస్తున్న రెండు బస్సులు ఎదురయ్యాయి. కిటికీల్లోంచి సాండ్రో పేరు రాసిన దుప్పట్లు వేలాడుతున్నాయి. బాబాయిలు, పిన్నులు, చెరకు మిల్లు వాళ్లు, అందరూ ఉన్నారు.

"సాండ్రో, నీ మడమ..." అన్నాడు వార్విక్.

"ఏంట్రా సూట్‌కేసూ, నా చోటు మరిగావా?"

అనేసి పకపకా నవ్వాడు. ఎప్పుడూ నవ్వే నవ్వే. కానీ వార్విక్ మొహం మీద తలుపు వేసినట్టయింది. ఛీ, అదే అనుకుంటాడన్నమాట వీడు కూడా, అనుకున్నాడు. కిటికీ వైపు తిరిగి వాన చూస్తూ కూర్చున్నాడు. హాలు వచ్చేదాకా మడమ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ రోజు వార్విక్ జనంలో కూర్చుని ఆట చూశాడు. సాండ్రో మొదటి సగంలో పన్నెండు పాయింట్లు చేశాడు. ఇంగమ్ వాళ్లు పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. నేనే పొరబడ్డానేమో అనుకున్నాడు వార్విక్. ఆట మూడో క్వార్టర్‌లో సాండ్రో బంతి కోసం ముందుకు ఉరకబోయి ఆగిపోయాడు. ఎవడో వెనకనుంచి తన్నినట్టు గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవడూ లేడు. అప్పుడు కూలబడ్డాడు.

వార్విక్ కడుపులో ముందుగా పుట్టింది జాలి అయుంటే ఈ కథ ఇంత దూరం చెప్పుకోనక్కర్లేదు. ముందుగా పుట్టింది ఒక మాట. ఇంకో ఆట ఉంది. ఆ మాట వెనకే జాలి వచ్చింది, సిగ్గు వచ్చింది. కానీ మొదట వచ్చింది మొదట వచ్చిందే. దాన్ని వెనక్కి పంపడానికి వీల్లేదు. ఇంగ్రిడ్ దగ్గర నోరు మూసుకున్నది స్నేహం కోసమా, చాడీ భయం చేతా, లేక ఈ మాట కోసమా? తన నోరు తను ఎందుకు మూసుకున్నాడో తనకే తెలియలేదు.

శనివారం ఉదయమే కోచ్ ట్రెవర్ ఫోన్ చేశాడు. "విమానం ఎక్కకు. నరం పూర్తిగా తెగిపోయింది. ఇక వాడి ఆట అయిపోయినట్టే. వచ్చే వారం నువ్వు ఆడాలి. నీకిది మూడొందలోది అంట కదా? శుభం రా" అన్నాడు. శుభమట! వార్విక్ ఫోన్ పెట్టేసి, సర్దిన పెట్టెలోంచి బూట్లు తీశాడు. వద్దనే ధైర్యం లేదు. వద్దంటే ఏమని చెప్పాలి?

ఆ వారమంతా ఆసుపత్రికి వెళ్దామనుకుని, వీధి మలుపు దాకా వెళ్లి రెండుసార్లు తిరిగొచ్చేశాడు.

ఆఖరి ఆట నాడు లినెట్, టెస్ బల్లారట్ నుంచి వచ్చారు. డ్రెస్సింగ్ రూమ్‌లో జట్టు గుండ్రంగా నిలబడింది. తలుపు తోసుకుని చంక కర్రల మీద సాండ్రో వచ్చాడు. మోకాలి దాకా కట్టు. జెర్సీ నేనే ఇస్తానని పట్టుబట్టాడట. రెండొందలో ఆట నుంచీ వార్విక్ కలగన్నది ఈ నిమిషమే. ఇప్పుడు మాత్రం నేల చీలితే దిగిపోదామని ఉంది.

"వీడి గురించి ఒక్క సంగతి చెప్తాను" అన్నాడు సాండ్రో. "పరీక్ష నాడు ఇంగ్రిడ్ వీణ్ణి అడిగిందట, నా కాలు ఎలా ఉందని. నోరు విప్పుంటే వీడి చోటు వీడికుండేది. విప్పలేదు. తన మూడొందలు పోతాయని తెలిసి కూడా నన్ను పట్టివ్వలేదు. ఎనిమిది క్లబ్బుల వాళ్లు ఇలాంటివాణ్ణి వదులుకున్నారు. వాళ్ల ఖర్మ."

గది దద్దరిల్లింది. ట్రెవర్ కళ్లు తుడుచుకున్నాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ ఇంగ్రిడ్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. వార్విక్ జెర్సీ కోసం తల వంచాడు. సాండ్రో దాన్ని మెడలో వేస్తున్నప్పుడు, ఆ గోలలో వార్విక్ వాడికి మాత్రమే వినబడేలా అన్నాడు.

"నేను చూశాన్రా. నీ మడమ. బుధవారమే చూశాను."

"తెలుసు. నువ్వు చూడ్డం నేను చూశాను."

వార్విక్ ఒక చెయ్యి జెర్సీలోకి దూర్చాడు.

"ఇంగ్రిడ్‌కి చెప్పలేదు, సరే, బాగుంది" అన్నాడు సాండ్రో, భుజం మీద జెర్సీ సరిచేస్తూ. "నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పబోయాను. ట్రక్కులో. నీ చోటు మరిగానన్నావు."

"భయమేసి అన్నాను. రెండు బస్సుల జనం వస్తుంటే నాకు నేనుగా ఎలా ఆగుతాను? ఎవడో ఒకడు ఆపాలి. ఇంకొక్కసారి నా మడమ మాట ఎత్తుంటే బండి వెనక్కి తిప్పేవాణ్ణి." ఒక చంక కర్ర సర్దుకున్నాడు. "సరేలే. పో. జనం చూస్తున్నారు."

వార్విక్ బయటికి నడిచాడు. హాలంతా లేచి నిలబడింది. ఇంగమ్ వాళ్లు ఈసారి అతని కోసం అరిచారు. మైకులో తొమ్మిది క్లబ్బుల పేర్లూ ఒక్కొక్కటే చదివారు. ఆ చప్పట్లు ఆగేదాకా అతను తల ఎత్తలేదు. వినయమనుకున్నారు అందరూ. మూడో వరసలో లినెట్ ఒక్కతే కూర్చుని ఉంది. ఆవిడ మొగుడి వైపు చూడటం లేదు. గుమ్మంలో కర్రల మీద నిలబడి చప్పట్లు కొట్టడానికి ఒక చెయ్యి విడిపించుకోబోతున్న సాండ్రో వైపు చూస్తోంది.