నూడుల్ ట్యాంకులో తీగ

చాలా ఏళ్లుగా ఒకటి మోస్తున్నాను. పోలీసులు పట్టించుకునేంత నేరమేం కాదు. అయినా రోజూ దీపం వెలిగించే వేళకి వచ్చి నా పక్కనే కూర్చుంటుంది. విసుగొచ్చేసింది, నా మీద నాకే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకైతే చెప్పగలననిపిస్తోంది.

మేం ఉండేది దేశం కాని దేశంలో, మోరిస్‌విల్‌లో. నేను బడికి వెళ్లలేదు, నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. పొద్దున లేవగానే ఉన్నదానికల్లా దణ్ణం పెట్టుకోవడం కూడా ఆయన నేర్పిందే. నీళ్లకి, ఎండకి, పొయ్యి మీది గిన్నెకి. ఈ అలవాటు చూసి ఇక్కడ అందరూ నన్ను మంచిదాన్నంటారు. వింటే ఒళ్లు మండుతుంది.

మా అమ్మాయి మేఘన హైస్కూల్లో ఉన్నప్పుడు పామును పెంచింది. చిన్న జాతి పైథాన్. పేరు నూడుల్. పాముకి పెట్టే పేరేనా అది? గాజు ట్యాంకు, దాని కింద వేడెక్కే మ్యాట్, మ్యాట్‌కో థర్మోస్టాట్, అక్కణ్ణుంచి ట్యాంకులోకి ఒక సన్న తీగ. తీగ కొసకి చల్లగా తగిలితే మ్యాట్ వేడెక్కుతుంది, వెచ్చగా తగిలితే ఆగుతుంది. "అమ్మా, ఆ వైర్ ముట్టుకోకు. నూడుల్‌కి అదే ఎండ," అనేది మేఘన. మా ఆయనకి హీటర్ గాలి పడదు. మేం స్వెటర్లేసుకుని వణుకుతుంటే, పాము మాత్రం హాయిగా చుట్ట చుట్టుకుని పడుకునేది.

ఆ ఏడు నాగుల చవితి వచ్చింది. ఇక్కడ పుట్ట ఎక్కడ దొరుకుతుంది? ఏటా వెండి పడగకే పాలు పోసేదాన్ని. ఇంట్లో సాక్షాత్తూ పామే ఉండగా వెండిది ఎందుకు, అనే బుద్ధి ఆ పొద్దున పుట్టింది. మేఘన స్కూలుకి వెళ్లాక ట్యాంకు మూత తీసి, నాలుగు చుక్కల పాలు చిలకరించి, కాస్త పసుపు చల్లి, ఓ మూల నువ్వుల చిమ్మిలి ఉండ పెట్టాను. పాములు పాలు తాగవని పిల్ల వందసార్లు చెప్పింది. తాగమని ఎవరన్నారు, నైవేద్యం కదా అనుకున్నాను. ఎంత తెలివో చూడండి. దానికి పడగైనా లేదు.

అంతలోనే భయమేసింది, పిల్ల చూస్తే ఊరుకోదని. గుడ్డ తెచ్చి తుడుస్తుంటే తీగ అడ్డొచ్చింది. లాగి బయట వేలాడేశాను. చిమ్మిలి తీసేశాను, పసుపు మరక లేకుండా చేశాను, మూత పెట్టి చేతులు జోడించాను. తీగ బయటే ఉండిపోయింది. చలిగదిలో దానికి చల్లగా తగులుతూనే ఉంది, కింద మ్యాట్ వేడెక్కుతూనే ఉంది.

సాయంత్రం మేఘన ఎత్తుకుని చూస్తే, నూడుల్ పొట్ట కింద పొలుసులు కాలి ఎర్రబడి ఉన్నాయి.

పాముల డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక వంటింట్లో నిలబడ్డాం.

"సెన్సర్ వైరు బయట ఉంది నాన్నా. నిన్న నీళ్ల బౌల్ కడిగినప్పుడు తీశాను. మళ్లీ పెట్టాననే అనుకున్నా."

"అనుకుంటే సరిపోతుందా? ప్రాణమున్నదాన్ని తెచ్చుకుని, ఒక్క వైరు చూసుకోలేవా?" అన్నారాయన.

"పెట్టినట్టే గుర్తు. అమ్మా, నువ్వేమైనా చూశావా?"

"నేనా దాని జోలికి వెళ్లేది?" అన్నాను. అక్కడితో ఆగానా? తల నిమిరి, "పోనీలే తల్లీ, కావాలని చేశావా ఏంటి," అని కూడా అన్నాను.

క్షమించాను. నేను చేసిన దానికి పిల్లని క్షమించాను. తలుచుకుంటే నా నోరు నేనే నొక్కేసుకోవాలనిపిస్తుంది. ఆ పూట దేవుడి ముందు కూర్చుని ఎప్పట్లాగే దణ్ణమూ పెట్టుకున్నాను. పాము బతికినందుకా? ఇంకెవరూ ఏమీ అడగనందుకా? అప్పుడు తేల్చుకోలేదు. ఇప్పుడు తెలుస్తోంది, తెలిసి చిరాకేస్తోంది.

పుండు మానింది, మచ్చ మిగిలింది. పాములు పెంచే ఒకావిడకి నూడుల్‌ని మేఘనే తీసుకెళ్లి ఇచ్చేసింది. "నా దగ్గర సేఫ్ కాదు," అంది. జంతువుల డాక్టరు చదువుతానని చిన్నప్పట్నుంచీ అనేది. మళ్లీ ఆ మాటెత్తలేదు. ఇప్పుడు వేరే ఊళ్లో, హెర్న్‌డన్‌లో ఏదో ఆఫీసులో ఉద్యోగం. మా ఇంటికొచ్చి వెళ్లేటప్పుడు కూడా కారెక్కి సీట్‌బెల్ట్ పెట్టుకున్నాక మళ్లీ దిగి, లోపలికెళ్లి స్టవ్ చూసొస్తుంది. "ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారండోయ్," అని వాళ్ల నాన్న ఆటపట్టిస్తారు. నేనూ నవ్వుతాను. నాకేం రోగమో.

మొన్న ఫోన్ చేసింది. స్నేహితురాలు ఊరెళ్తూ పిల్లిని చూసుకోమని అడిగిందట, కుదరదని చెప్పేసిందట.

"నాకు గుర్తుండదమ్మా, నీకు తెలుసుగా," అంది.

నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు. చెప్పడానికి అంతకంటే మంచి సందు ఏం దొరుకుతుంది? "అన్నం తిన్నావా?" అని అడిగాను.

అక్కడ అనలేనిది ఇక్కడ రాస్తున్నాను. మేఘన ఆ తీగని తిరిగి పెట్టింది. సరిగ్గానే పెట్టింది. ఆ పొద్దున నేను మూత తీసేసరికి అది లోపలే ఉంది, నా కళ్లతో చూశాను. లాగింది నేను.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.