సంతలో దొరికిన స్టీలు గిన్నె

ఎర్రగుంట్లలో మా కాలనీ ఖాళీ స్థలంలో, ఆదివారం పూట పాత సామాన్ల సంత పెడదామని అందరినీ పోరుపెట్టి ఒప్పించింది నేనే. మొదటి వారం మా అటక మీది గిన్నెలన్నీ దించి దుప్పటి మీద పరిచాను.

కొనడానికి సుబ్బమ్మ వచ్చింది. ఒకప్పుడు మా ఎదురింటి సరోజక్క దగ్గర అంట్లు తోమేది. స్టీలు గిన్నె దొంగిలించిందని సరోజక్క మాన్పించాక, కాలనీలో ఎవరమూ ఆమెను పనికి పిలవలేదు.

సుబ్బమ్మ ఒక గిన్నె తీసి, అంచు మీద కొట్టించిన పేరును బొటనవేలితో తడిమింది.

"ఇది సరోజమ్మోళ్ల గిన్నె కదమ్మా. దినమ్మూ తోమినదాన్ని, నాకు తెలీదా. నీకాడ ఎట్లుండాది?"

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో సరోజక్క అందులో పాయసం పంపింది. వట్టి గిన్నె తిరిగి ఇవ్వకూడదు కాబట్టి, ఏదైనా చేసినప్పుడు ఇద్దామని పక్కన పెట్టి మరిచిపోయాను. సుబ్బమ్మ గిన్నెను దుప్పటి మీదే పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆ గిన్నె నిండా ఉగ్గాని పెట్టి సరోజక్కకు ఇచ్చి, జరిగింది చెప్పాను.

"పోనీలే, గిన్నె దొరికింది కదా," అంది.

సంత ఇప్పటికీ నడుస్తోంది, సుబ్బమ్మ మళ్లీ రాలేదు. వట్టి గిన్నె ఇవ్వకూడదన్న మర్యాద తెలిసినదాన్ని, ఆమె గడప తొక్కి తప్పు నాదని ఈరోజుకీ చెప్పలేదు.